ప్రజారోగ్యంలో ఆన్‌లైన్ మాస్టర్స్: ఫీజు ఎలా కట్టాలి?

ప్రశ్న: నా వయసు 36 సంవత్సరాలు. పన్నెండేళ్లుగా ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఉద్యోగం మానకుండా ప్రజారోగ్యంలో ఆన్‌లైన్ మాస్టర్స్, అంటే ఎంపీహెచ్, చేయాలనుకుంటున్నాను. రెండేళ్ల కోర్సు, మొత్తం ఫీజు నా చేతికి వచ్చే పది నెలల జీతానికి సమానం. తొమ్మిది నెలల జీతమంత పొదుపు ఉంది. ఇంటి ఖర్చులు పోగా నెలనెలా జీతంలో 20 శాతం మిగులుతోంది. ఫీజు కోసం అప్పు తీసుకోవడం మంచిదా, పదవీ విరమణ నిధిలోంచి కొంత తీయడం మంచిదా?

జవాబు: మీరు చెప్పిన లెక్కలను బట్టి చూస్తే ఆ రెండింటిలో దేని అవసరమూ మీకు లేదు. అయితే ఈ కోర్సును రెండేళ్లలో కాకుండా మూడేళ్లలో పూర్తి చేయడానికి మీరు సిద్ధపడాలి.

ముందుగా సమయం సంగతి చూద్దాం, ఎందుకంటే ఇలాంటి చదువులో డబ్బు లెక్క తప్పేది సాధారణంగా అక్కడే. బ్రిటన్‌లో మాస్టర్స్ డిగ్రీకి 180 క్రెడిట్లు ఉంటాయి. ఒక్కో క్రెడిట్‌కు పది గంటల చొప్పున మొత్తం 1,800 గంటల చదువు అవుతుంది. అమెరికాలో ఎంపీహెచ్‌కు కనీసం 42 సెమిస్టర్ క్రెడిట్లు కావాలి; క్రెడిట్‌కు సుమారు 45 గంటలు అనుకుంటే అదీ 1,900 గంటల దగ్గరకే వస్తుంది. రెండేళ్లలో ముగించాలంటే సెలవు వారాలు కూడా కలుపుకొని వారానికి 17, 18 గంటలు చదవాలి. షిఫ్టులు చేస్తూ అంత సమయం తీయలేక మధ్యలో డ్యూటీలు తగ్గించుకునేవారు ఉంటారు. అప్పుడు ఫీజుకు తోడు జీతమూ తగ్గుతుంది. మూడేళ్లకు విస్తరిస్తే వారానికి పన్నెండు గంటలు సరిపోతాయి.

ఆన్‌లైన్ చదువులో మిగిలేది ఫీజు కాదు, జీతం. ఉద్యోగం మాని రెండేళ్లు కళాశాలకు వెళితే పది నెలల జీతం ఫీజుగానూ, ఇరవై నాలుగు నెలల జీతం రాబడి నష్టంగానూ పోయి, మొత్తం ఖర్చు ముప్పై నాలుగు నెలల జీతం అవుతుంది. అందుకే ఏ కారణంతోనైనా డ్యూటీలు తగ్గించుకోవలసి వస్తే, ఈ కోర్సు మీకు గిట్టుబాటు కాదనే నేను అంటాను.

ఇక ఫీజు. రెండేళ్లలో నాలుగు వాయిదాలుగా కడితే ఒక్కో వాయిదా రెండున్నర నెలల జీతం అవుతుంది. ప్రతి ఆరు నెలలకు మీ మిగులు 1.2 నెలల జీతం చొప్పున చేరుతున్నా, నాలుగో వాయిదా కట్టిన రోజున మీ పొదుపు 2.6 నెలల జీతానికి పడిపోతుంది. ఇంట్లో జబ్బు చేసినా, ఉద్యోగంలో ఒడుదొడుకు వచ్చినా అది చాలదు. అదే ఫీజును మూడేళ్లలో ఆరు వాయిదాలుగా కడితే పొదుపు ఏ దశలోనూ అయిదు నెలల జీతం కంటే తగ్గదు. అయితే కొన్ని విశ్వవిద్యాలయాలు క్రెడిట్‌కు ఇంత అని కాకుండా సెమిస్టర్‌కు ఇంత అని వసూలు చేస్తాయి. కొన్ని ఏటా ఫీజు పెంచుతాయి. అలాంటి చోట మూడేళ్ల పద్ధతి ఖరీదవుతుంది కనుక చేరకముందే ఈ విషయాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

అప్పు వైపు మొగ్గితే ఏమవుతుందో కూడా చెబుతాను. ఎనిమిది నెలల జీతమంత సొమ్మును 10 శాతం వడ్డీకి తీసుకుని అయిదేళ్లలో తీర్చాలంటే, నెలవారీ వాయిదా మీ జీతంలో 17 శాతం అవుతుంది. అంటే మీ మిగులు దాదాపు అంతా దానికే పోతుంది. పదవీ విరమణ నిధిని అసలు తాకవద్దు. అందులోంచి మూడు నెలల జీతం తీశారనుకోండి. ఏటా 8 శాతం చొప్పున పెరిగి ఉంటే మీకు 60 ఏళ్లు వచ్చేసరికి అది పంతొమ్మిది నెలల జీతం అయ్యేది.

చదువుకు పెట్టిన సొమ్ము తిరిగి రావడం డిగ్రీ కంటే ఉద్యోగం మీదనే ఎక్కువ ఆధారపడుతుంది. ఇక్కడ కాస్త నిర్మొహమాటంగా చెప్పాలి. ఎంపీహెచ్ వైద్యం చేసే అర్హత కాదు. నర్సుగా మీ జీతం దానంతట అది పెరగదు. వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసే ఎపిడెమియాలజీ, ఆరోగ్య పథకాల నిర్వహణ, వాటి ఫలితాల మదింపు వంటి పనుల్లోకి మారినప్పుడే దానికి విలువ కడతారు. కొత్త పనిలో జీతం 25 శాతం పెరిగితే పెట్టిన సొమ్ము మూడేళ్ల నాలుగు నెలల్లో తిరిగి వస్తుంది. 12 శాతమే పెరిగితే దాదాపు ఏడేళ్లు పడుతుంది. ఆసుపత్రిలోనే అంటువ్యాధుల నియంత్రణ విభాగానికి మారడం మీ ఉద్దేశమైతే, ఆ ప్రత్యేక అర్హత పరీక్ష తక్కువ ఖర్చుతో అదే పని చేయవచ్చు. మీరు కోరుకునే ఉద్యోగాల ప్రకటనలు పది చదివి, ఎన్నింటిలో ఎంపీహెచ్ తప్పనిసరి అన్నారో లెక్కపెట్టుకోండి.

గుర్తింపు విషయంలో రాజీ పడవద్దు. అమెరికా కోర్సులకు కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఫర్ పబ్లిక్ హెల్త్ గుర్తింపు ఇస్తుంది; మరో దేశపు డిగ్రీ అయితే మీరు పనిచేయబోయే చోట అది చెల్లుతుందో లేదో చూసుకోవాలి. ఆన్‌లైన్ కోర్సైనా చాలా చోట్ల క్షేత్రస్థాయి ప్రాక్టికం, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణ, ఉంటుంది; దానికి జీతం లేని సెలవు పెట్టవలసి రావచ్చు. మీ రోజువారీ డ్యూటీకి భిన్నమైన పని అయితే మీ ఆసుపత్రిలోనే చేయనిస్తారేమో అడగండి. గణాంకాల పాఠాలకు ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అలాంటిదే అయిన స్టాటా సాఫ్ట్‌వేర్‌కు లైసెన్స్ కొనాలి. కోర్సు ఏది వాడుతుందో ముందే చూసుకోండి.

ఆసుపత్రి యాజమాన్యం ఫీజులో కొంత భరిస్తుందేమో తప్పక అడగండి. బదులుగా ఇన్నేళ్లు మానకుండా పనిచేయాలనే ఒప్పందం ఉంటే, మధ్యలో మానితే ఎంత తిరిగి కట్టాలో చదివి సంతకం చేయండి. మీరు వేరే ఉద్యోగంలోకి మారడానికే ఈ చదువు చదువుతున్నారు కదా.

మొదటి సెమిస్టర్ ఫీజు కట్టేముందు, డిగ్రీలో చేరకుండానే బయోస్టాటిస్టిక్స్, అంటే ఆరోగ్య గణాంకాలు, ఒక్క సబ్జెక్టు చదవనిచ్చి, తరువాత ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుతారేమో విశ్వవిద్యాలయాన్ని అడగండి. నైట్ డ్యూటీ వారంలో ఆ పాఠాలు సాగుతున్నాయో లేదో కొద్ది నెలల్లోనే, తక్కువ ఖర్చుతో మీకు తెలిసిపోతుంది.