వంద సీసీ బండి మీద అరకు దాకా: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. మీ నాన్నగారి పాత స్ప్లెండర్ బండి మీద హైదరాబాద్ నుంచి అరకు వెళ్తానని నువ్వు ఇంట్లో ప్రకటించిన రాత్రే మీ అమ్మ నాకు ఫోను చేసింది. "నువ్వైనా వాడికి బుద్ధి చెప్పు అన్నయ్యా" అంది. తప్పు మనిషికి చేసింది. మందుల కంపెనీ ఉద్యోగంలో నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాలన్నీ నేను తిరిగింది అలాంటి చిన్న బండి మీదే. కాబట్టి నిరభ్యంతరంగా వెళ్ళు. ఎలా వెళ్ళాలన్న విషయంలో మాత్రం నా మాట విను.

ఫోనులో మ్యాప్ చూసి విజయవాడ ఐదు గంటలే అంటున్నావట. ఆ లెక్క కారుది. నీ బండి ఇంజిన్ 97 సీసీ. గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగలదు, నిజమే. కానీ ఆ వేగంతో రోజంతా తోలితే అది ఏడుస్తుంది, నువ్వూ ఏడుస్తావు. దానికి రేడియేటర్ లేదు. లోపలి వేడి బయటికి పోవాలంటే ఎదురుగాలి, లీటరుకు అటూ ఇటూగా ఉండే ఇంజిన్ ఆయిల్, ఈ రెండే దిక్కు. యాభై, యాభై అయిదు మధ్య పోనిస్తే ఇంజిన్ శబ్దం నిలకడగా ఉంటుంది, చేతులు తిమ్మిరెక్కవు, పెట్రోలు కూడా మిగులుతుంది. ఆ వేగంతో, మధ్య మధ్య ఆగుతూ పోతే విజయవాడకు ఎనిమిది గంటలు పడుతుంది. 275 కిలోమీటర్లు మొదటి రోజుకు చాలు. రెండో రోజు రాజమండ్రి, మూడో రోజు అనకాపల్లి లేదా విశాఖ, నాలుగో రోజు పొద్దున్నే ఘాట్ ఎక్కు. సెలవు ఇన్ని రోజులు దొరకదంటావా, అయితే అరకు మానేసి నాగార్జునసాగర్ వెళ్ళిరా. రెండు రోజుల్లో అరకు చేరడం మాత్రం పెట్టుకోకు.

ఇంకో సంగతి మ్యాప్ చెప్పదు. నువ్వు వెళ్ళేది తూర్పుకు. ఎల్బీ నగర్ దాటి హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ పోయేసరికి సూర్యుడు సరిగ్గా కళ్ళల్లో పడతాడు. హెల్మెట్ అద్దం మీద గీతలుంటే ఆ వెలుగు చెదిరి ముందున్న లారీ కూడా కనిపించదు. అద్దం కొత్తది వేయించు, ఖర్చు తక్కువే. చౌటుప్పల్లో ఆగి నింపాదిగా ఇడ్లీ తిను. ఎనిమిదిన్నర దాటాక బయలుదేరితే పొద్దు కాస్త పైకి వచ్చి ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఇదే బాధ సాయంత్రం పడమటి నుంచి.

చీకటి పడ్డాక హైవే మీద ఉండకు. ఇది సలహా కాదు, షరతు. నీ బండి హెడ్‌లైటు 35 వాట్లది. పాత మోడల్ కాబట్టి ఇంజిన్ వేగం తగ్గితే దాని వెలుగూ తగ్గుతుంది. ఆ గుడ్డి దీపానికి వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు పక్కన నిలిపిన లారీ, ఇంటికి మళ్ళిన గేదెల మంద కనిపించవు. పైగా విశాఖ వైపు డిసెంబరులో అయిదున్నరకే పొద్దు గుంకుతుంది, మనకంటే దాదాపు ఇరవై నిమిషాల ముందు. నాలుగున్నరకల్లా లాడ్జి వెతుక్కోవడం మొదలుపెట్టు.

నెల విషయానికొస్తే డిసెంబరు మొదటి సగం మంచిది. అక్టోబరు, నవంబరుల్లో కోస్తాకు తుఫాన్ల భయం. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. సంక్రాంతికి ముందు మూడు రోజులు ఈ దారి జోలికే పోకు. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు చూస్తే పండగ మీదే విరక్తి పుడుతుంది.

ఇక బండి. మెకానిక్‌కు చూపించడం ప్రయాణానికి ముందు రోజు కాదు, వారం ముందు. కొత్తగా విప్పి బిగించిన ఏ బండి అయినా నూరు కిలోమీటర్లు తిరిగితే గానీ తన లోపం బయటపెట్టదు. పని అయ్యాక యాదగిరిగుట్ట వెళ్ళిరా. దర్శనమూ అవుతుంది, పరీక్షా అవుతుంది. ఆయిల్ మార్పించు. బ్రేకు షూలు విప్పించి నీ కళ్ళతో చూడు, "బాగానే ఉన్నాయన్నా" అన్న మాట నమ్మకు. చైన్ సంగతి మరీ జాగ్రత్త. మెకానిక్ ఖాళీ బండిని స్టాండు వేసి బిగిస్తాడు. సామాను కట్టి నువ్వు కూర్చున్నాక వెనక షాకబ్జర్లు దిగుతాయి, చైన్ ఇంకా బిగుస్తుంది. నువ్వు బండి మీద కూర్చొని, సామానుతో సహా, ఇంకొకరి చేత చైన్ మధ్యలో వేలితో ఎత్తించి చూడు. అంగుళం లోపు ఆడాలి. అసలు ఆడకపోతే బేరింగులు తినేస్తుంది.

క్లచ్ కేబుల్ తెగితే ఊరు కాని ఊళ్ళో నిలబడిపోతావు. అది ఒక్కసారిగా తెగదు. హ్యాండిల్ దగ్గర, లివరు నొక్కినప్పుడు కనిపించే సందులో, చివర చిన్న గుండు ఉంటుంది చూడు, అక్కడ ముందుగా ఒక్క పోగు లేస్తుంది. వేలితో తడిమితే ముల్లులా గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే మార్చాల్సిందే. గుచ్చుకోకపోయినా పుత్లిబౌలి స్పేర్ పార్టుల దుకాణాల్లో ఇంకో కేబుల్ కొని, పాతదాని వెంటే లోపల పరిచి, రెండు కొసలకూ ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టేసుకో. దారిలో తెగితే కొసలు మార్చుకుంటే సరి, ట్యాంకు విప్పే పని ఉండదు. ఈ ఉపాయం పాతకాలపు మెకానిక్‌లందరికీ తెలుసు.

మీ బండివి ట్యూబు టైర్లు. మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, వెనక చక్రం పాములా ఊగుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకు. యాక్సిలరేటర్ వదిలి, హ్యాండిల్ తిన్నగా పట్టుకుని, బండి తనంతట తాను నెమ్మదించే దాకా ఆగు. ఒక ట్యూబు, ఒక స్పార్క్ ప్లగ్, దాన్ని విప్పే స్పానర్, చిన్న గాలి పంపు సీటు వెనక పెట్టుకో.

పెట్రోలు నాబు రిజర్వుకు తిప్పి బంకుకు చేరాక, నింపించుకుని మళ్ళీ మామూలు చోటికి తిప్పు. చాలామంది మరిచిపోతారు. రెండోసారి పెట్రోలు అయిపోయినప్పుడు తిప్పడానికి రిజర్వు మిగలదు, తోసుకుంటూ పోవడమే.

సామాను వీపున మోయకు. సీటు వెనక, వీలైనంత కిందికి, సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టు. బ్రేకు లైటు కనబడాలి, ఏ తాడు కొసా చక్రం వైపు వేలాడకూడదు.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కకు, ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. టోల్‌గేట్లలో మనకు రుసుము లేదు, ఎడమ చివరి సందులోంచి పొమ్మంటారు. ఆ సందులో ఇసుక, ఆయిల్ మరకలు ఉంటాయి, అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టకు. నాలుగు వరసల రోడ్డే కదా అని ధీమా పడకు. పక్క ఊరికి పోయే ఆసామి యూటర్న్ దాకా వెళ్ళలేక నీ వరసలోనే ఎదురొస్తాడు, పైగా నీకే దారి చూపిస్తాడు. కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. వోల్వో బస్సు దాటేటప్పుడు గాలి ముందు బయటికి తోస్తుంది, తర్వాత బస్సు వైపు లాగుతుంది. నూటపది కిలోల బండికి అది చిన్న విషయం కాదు. అద్దంలో బస్సు కనిపించగానే మోకాళ్ళతో ట్యాంకు బిగించి, చేతులు వదులుగా ఉంచు. చేతులు బిగిస్తే నీ భయమంతా హ్యాండిల్‌కు ఎక్కుతుంది.

సూర్యాపేటలో మధ్యాహ్నం బిర్యానీ లాగించకు. కోదాడ రాకముందే కునుకు వస్తుంది. గంటకోసారి దిగి అయిదు నిమిషాలు నడువు. కూర్చునే చోటు నొప్పికి మందు అదొక్కటే, మందులు అమ్మినవాణ్ణి చెబుతున్నాను.

విజయవాడ నుంచి రాజమండ్రికి రావులపాలెం మీదుగా పాత దారిన వెళ్ళు. కొత్త దారి దగ్గరే కావచ్చు, కానీ ఆ దారిలో గోదావరి పాయలూ, కడియం నర్సరీలూ తగలవు.

అనకాపల్లి నుంచి సబ్బవరం, పెందుర్తి మీదుగా శృంగవరపుకోట, అదే ఎస్.కోట, చేరితే విశాఖ ట్రాఫిక్ తప్పుతుంది. ఎస్.కోటలో ట్యాంకు నింపు. అనంతగిరి ఘాట్ రెండో గేరులో ఎక్కు, మొదటి గేరుకు దిగాల్సి వస్తే దిగు, వెనకవాడి హారన్‌కు తొందరపడకు. దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. కొందరు పెట్రోలు ఆదా అని ఇంజిన్ ఆపేసి జారుతూ దిగుతారు. నీవి డ్రమ్ము బ్రేకులు, వేడెక్కితే పట్టు వదిలేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగు, బండిని ఇంజినే ఆపుతుంది.

ఆర్సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో పెట్టుకో. జాతీయ రహదారి మీద ఆపద వస్తే 1033కు ఫోను చెయ్యి.

తిరిగి తోలే ఓపిక లేకపోతే మొహమాటం వద్దు. విశాఖ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బండి అప్పగించి రైలెక్కు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీయించాలి, ఆర్సీ నకలు కావాలి. అందుకని ఆ ముందు రోజు ట్యాంకు నింపుకోకు.

ఆదివారం పొద్దున బండి తీసుకుని మా ఇంటికి రా. వెనక చక్రం విప్పి బిగించడం నీ చేతే చేయిస్తాను. పాత బట్టలు వేసుకుని రా.

ఇట్లు,
మీ మామయ్య,
మలక్‌పేట