ఎర్ర సెట్టర్ కావాలా? ముందు ఈ ఉత్తరాలు చదవండి

పోయిన నెల ఈ పేజీలో ఐరిష్ సెట్టర్ అనే ఎర్ర వేటకుక్క ఫోటో ఒకటి వేశాం. ఆ తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగం దాని గురించే. యార్క్‌షైర్‌లో పద్దెనిమిదేళ్లుగా సెట్టర్లతోనే నా రోజు తెల్లారుతోంది. నాలుగింటిని పెంచాను, రెండింటిని షోలకు తిప్పాను, ఒక్కసారి మాత్రమే పిల్లల్ని పెట్టించాను. ఆ అనుభవంతోనే ఈ జవాబులు.

ప్రశ్న: అక్కా, మేమిద్దరం సాఫ్ట్‌వేర్. గచ్చిబౌలిలో పదకొండో అంతస్తులో టూ బీహెచ్‌కే. మీరు వేసిన ఫోటో చూసినప్పటి నుంచి ఆ ఎర్ర కుక్క మీదే మనసు పోయింది. ఒకాయన నలభై రోజుల పిల్లను ఇస్తానంటున్నాడు, ఈ ఆదివారమే తీసుకెళ్లమంటున్నాడు. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీరు సరిగ్గా చూసుకోరని కాదు, ఆ కుక్క కాళ్లను తలుచుకుని చెబుతున్నాను. ఐర్లండ్ బీడు నేలల్లో పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా పిట్టల వాసన పట్టుకుంటూ అటూ ఇటూ పరిగెత్తడానికి తరాల తరబడి ఏరి ఏరి తయారు చేసిన జాతి ఇది. మగది భుజం దగ్గర 27 అంగుళాల ఎత్తు, 30 కిలోల పైనే బరువు. దీనికి రోజుకు రెండు గంటల పైన వ్యాయామం కావాలని బ్రిటన్ కెన్నెల్ క్లబ్ చెబుతుంది. లిఫ్టులో దిగి అపార్ట్‌మెంట్ చుట్టూ రెండు రౌండ్లు కొడితే అది ఒంటికీ రెంటికీ పోవడానికి సరిపోతుందంతే, ఒళ్లు అలవదు. ఒళ్లు అలవని సెట్టర్ సోఫా చింపుతుంది, తలుపు గీకుతుంది, మీరు ఆఫీసు నుంచి వచ్చేదాకా అరుస్తుంది, పక్క ఫ్లాట్ వాళ్లతో గొడవలు మొదలవుతాయి, చివరికి ఎవరికో ఇచ్చేస్తారు. ఇలాంటివి ఇక్కడే చాలా చూశాను. దానికి తోడు హైదరాబాద్ మే నెల ఎండ. రొప్పుతూ ఒంటి వేడి తగ్గించుకోవడం తప్ప కుక్కకు పెద్దగా వేరే దారి లేదు.

ఇంకో మాట, ఇది మరీ ముఖ్యం. నలభై రోజుల పిల్లను అమ్మకూడదు. కుక్కల పెంపకం, అమ్మకాలపై మన దేశంలో 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం తప్పు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ అయి ఉండాలి కూడా. ఆయన్ని తల్లిని చూపించమనండి. తల్లి ఊళ్లో ఉంది, ఫోటో పంపిస్తాను అన్నాడంటే అక్కడితో మాట ఆపేయండి. మీకు నిజంగా ఇంట్లో కుక్క ఉండాలనుంటే షెల్టర్‌లో మన నాటు పిల్ల ఒకటి మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది, మన ఎండ దానికి కొత్త కాదు.

ప్రశ్న: మా ఐరిష్ సెట్టర్‌కి రెండేళ్లు నిండాయి. ఆడది. ఫ్రిస్కోలో ఉంటాం. ఒక్క ఈతైనా ఈనితేనే ఆడకుక్కకి ఆరోగ్యమని మా అత్తగారు పట్టుబడుతున్నారు. ఫ్రెండ్ వాళ్ల దగ్గర మగ సెట్టర్ ఉంది, రెండూ చాలా అందంగా ఉంటాయి, పేపర్లూ ఉన్నాయి. క్రాసింగ్ చేయించొచ్చా?

జవాబు: అత్తగారి మాట తీసేయడం కష్టమే, కానీ ఇది నిజం కాదు. ఒకసారి పిల్లల్ని పెట్టినంత మాత్రాన గర్భసంచికి రక్షణ రాదు. ఎదకు వచ్చి వెళ్లిన కొన్ని వారాలకు గర్భసంచిలో చీము పట్టే జబ్బు, పయోమెట్రా, ఈనిన కుక్కకూ వస్తుంది, ఈనని కుక్కకూ వస్తుంది. నీళ్లు తెగ తాగడం, తిండి మానేయడం కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరకు పరిగెత్తాలి. దానికి నివారణ గర్భసంచి తీసేసే ఆపరేషన్, కాన్పు కాదు. ఆపరేషన్ ఏ వయసులో చేయించాలో మీ డాక్టర్‌తోనే మాట్లాడండి, పెద్ద జాతుల్లో తొందరపడక్కర్లేదు.

ఇక అందం, పేపర్లు. ఆ పేపర్లు తాతముత్తాతల పేర్లు చెబుతాయి, రక్తంలో ఏముందో చెప్పవు. ఐరిష్ సెట్టర్లలో పీఆర్‌ఏ అనే కంటి జబ్బు ఒకటి పాతకాలం నుంచీ ఉంది, పిల్ల బాగానే పుట్టి మెల్లగా చూపు పోగొట్టుకుంటుంది. 1940ల్లో ఇక్కడి పెంపకందారులు ఏం చేసేవాళ్లో తెలుసా, అనుమానం ఉన్న కుక్కను గుడ్డి కుక్కతో కట్టించి, పుట్టిన పిల్లల్లో ఏదైనా గుడ్డిదైతే అప్పుడు ఆ కుక్క జబ్బు మోస్తోందని తేల్చుకునేవాళ్లు. ఒక నిజం తెలుసుకోవడానికి ఒక ఈతలో కొన్ని పిల్లలు చూపు పోగొట్టుకునేవి. ఇప్పుడు చెంప లోపల దూది పుల్ల తిప్పి ల్యాబుకు పంపితే చాలు. క్లాడ్ అని ఇంకోటి ఉంది. తెల్లకణాలు రక్తంలో ఉంటాయి కానీ రక్తనాళం దాటి ఇన్ఫెక్షన్ దగ్గరకు చేరలేవు, చిగుళ్లు వాచి, జ్వరాలు వచ్చి, పిల్ల చిన్నతనంలోనే పోతుంది. ఆ లోపం ఏ జన్యువులో ఉందో 1999లో దొరికింది, అప్పటి నుంచి దీనికీ పరీక్ష ఉంది.

ఈ రెండూ తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి దగ్గర నుంచీ వస్తేనే జబ్బుగా బయటపడతాయి. ఒక్కరి నుంచే వస్తే ఆ కుక్క క్యారియర్, అది నిక్షేపంగా బతుకుతుంది, మోస్తోందని చూసినవాళ్లెవరూ చెప్పలేరు. రెండు క్యారియర్లను కలిపితే మాత్రం ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మీ రెండు అందమైన కుక్కలూ క్యారియర్లేమో పరీక్ష లేకుండా మీకెలా తెలుస్తుంది చెప్పండి? అలాగని క్యారియర్ అనగానే పక్కన పడేయమనడం లేదు నేను. ఆ జబ్బును మోయడం కూడా లేదని పరీక్షలో తేలిన జోడుతో కలిపితే ఆ జబ్బు పిల్లలకు రాదు, సగటున సగం పిల్లలు క్యారియర్లవుతాయి, వాటికీ పరీక్ష చేయించి ముందుకు పోవచ్చు. మంచి కుక్కలన్నిటినీ ఇలా తీసేస్తూ పోతే మిగిలిన కొద్దిపాటి కుక్కల మధ్యే సంబంధాలు తిరుగుతూ ఉంటాయి, అది ఇంకో రకం నష్టం. ఈ పరీక్షలకు తోడు మీ అమెరికాలో కుక్కల కీళ్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఓఎఫ్ఏ సంస్థ తుంటి ఎక్స్‌రే ఉంది, 24 నెలలు నిండాకే దానికి పూర్తి సర్టిఫికెట్ ఇస్తారు, మీ అమ్మాయికి ఇప్పుడు సరిగ్గా ఆ వయసు. థైరాయిడ్, కళ్లు కూడా చూపించండి. మగకుక్కకూ ఇవన్నీ జరగాలి. స్నేహితుల కుక్క కదా అని మొహమాటపడితే ఆ మొహమాటం పిల్లల ప్రాణాల మీదకు వస్తుంది.

అన్నీ బాగానే వచ్చాయనుకుందాం. ఆ తర్వాత సంగతి కూడా వినండి. నా కుక్క మోసింది అరవై మూడు రోజులు. చివరి వారం రోజుకు మూడుసార్లు టెంపరేచర్ చూసేదాన్ని. మామూలుగా 101 ఫారెన్‌హీట్ దాటి ఉండేది ఒక రోజు మధ్యాహ్నం 98.6కు పడిపోయింది, అంటే ఇరవై నాలుగ్గంటల్లో కాన్పు అని లెక్క. ఆ రాత్రి పదకొండున్నరకు మొదటి పిల్ల, తెల్లారి ఆరింటికి తొమ్మిదోది. అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి మెడకు రంగు ఊలు దారాలు కట్టాను. పచ్చ దారం పిల్ల 260 గ్రాములే, మిగతావి 400 దగ్గర. వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టి రోజూ తూచేదాన్ని. పచ్చ దారం రెండు రోజులు బరువు పెరగలేదు, రెండు గంటలకొకసారి లేచి దాన్ని తల్లి వెనక రొమ్ముకు పట్టించడం, పాలు చాలకపోతే సీసాతో పట్టడం. మూడో రోజు ఎనిమిది గ్రాములు పెరిగింది. ఆ ఎనిమిది గ్రాములకు నేను ఏడ్చేశాను.

ఎనిమిది వారాలు దాటాక ఇళ్లకు పంపేటప్పుడు, ఏ కారణంతోనైనా, ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే నాకే తిరిగి ఇవ్వాలని కాగితం రాయించుకున్నాను. పధ్నాలుగు నెలలకు ఒకటి తిరిగి వచ్చింది, ఆ ఇంట్లో భార్యాభర్తలు విడిపోయారు. ఇంకో ఇల్లు దొరికేదాకా నాలుగు నెలలు నా దగ్గరే ఉంది. తొమ్మిది పిల్లల్లో ఏదైనా, వచ్చే పన్నెండేళ్లలో ఎప్పుడైనా, మీ గుమ్మంలోకి తిరిగి రావచ్చు. అందుకు మీరూ మీ ఇంట్లోవాళ్లూ సిద్ధమేనా? సిద్ధమే అయితే ముందు పరీక్షలు చేయించి రిపోర్టులతో మళ్లీ రాయండి, జోడు సంగతి అప్పుడు మాట్లాడదాం.

ప్రశ్న: సెట్టర్ అంటే ఎర్రదే కాదా? మా సీనియర్ నల్ల సెట్టర్ ఉందంటాడు. ఆ పేరెలా వచ్చింది? (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

జవాబు: మీ సీనియర్ చెప్పింది నిజమే తమ్ముడూ. సెట్టర్లు నాలుగు రకాలు. ఎర్ర ఐరిష్, ఎరుపూ తెలుపూ కలిసిన ఐరిష్, తెల్లటి ఒంటి మీద చుక్కలు చల్లినట్టుండే ఇంగ్లిష్, నలుపు మీద గోధుమరంగు గుర్తులుండే స్కాట్లండ్ గార్డన్. నాలుగో డ్యూక్ ఆఫ్ గార్డన్ తన కోటలో ఆ నల్లవాటిని పెంచాడు, ఆ పేరు అలా నిలిచింది. తుపాకులు రాకముందు కౌజు పిట్టల్ని వల వేసి పట్టేవాళ్లు. కుక్క వాసన పట్టగానే మొరగకుండా, మీదకు దూకకుండా నేలకు ఒదిగిపోయేది, దాని మీదుగానే వల విసిరేవాళ్లు. అలా ఒదగడాన్నే ఇంగ్లిష్‌లో సెట్ అన్నారు. మా పెరట్లో పావురం వాలితే నా కుక్క ఇప్పటికీ ముందరి కాలు ఒకటి గాల్లోనే ఆపి, తోక బిగబట్టి, ఊపిరి కూడా తీస్తోందా లేదా అన్నట్టు నిలబడిపోతుంది.

ప్రశ్న: లెస్టర్ నుంచి. మా పాపకి పదమూడేళ్లు, మా అయిదు నెలల సెట్టర్‌ని షోకి తీసుకెళ్తానని ఒకటే గొడవ. కుక్క ఛాతీ మీద తెల్ల మచ్చ ఉంది. పనికిరాదంటారా?

జవాబు: పనికొస్తుంది. ఛాతీ, గొంతు, గడ్డం, కాలివేళ్ల మీద కొంచెం తెలుపున్నా అనర్హత కాదని ఐరిష్ సెట్టర్ ప్రమాణంలోనే రాసి ఉంది. నలుపు ఛాయ మాత్రం ఉండకూడదు. మామూలుగా ఆరు నెలలు నిండితేనే పోటీకి రానిస్తారు, అంటే మీకు ఇంకో నెల టైముంది. ఈ నెలలో పాపతో రెండు పనులు చేయించండి. కుక్క నాలుగు కాళ్ల మీద నిమిషం పాటు కదలకుండా నిలబడడం, కొత్త మనిషి వచ్చి పళ్లు చూసినా ఒళ్లు తడిమినా బెదరకపోవడం. ఊళ్లో రింగ్‌క్రాఫ్ట్ క్లాసులుంటాయి, అక్కడ నేర్పుతారు. చెవుల పైభాగం, గొంతు దగ్గర వెంట్రుకలు పలచన చేసే కత్తెరతో కొద్దికొద్దిగా తీయాలి, మొదటిసారి అనుభవం ఉన్నవాళ్ల చేత చేయించి పాపను పక్కన కూర్చోబెట్టండి.

పాపకు ఒక కథ కూడా చెప్పండి. 1859 జూన్‌లో న్యూకాసిల్‌లో జరిగిన మొదటి డాగ్ షోలో అరవై కుక్కలు వచ్చాయి, అన్నీ పాయింటర్లు, సెట్టర్లే. అంటే ఈ షోలన్నీ మొదలైందే పొలంలో పనిచేసే కుక్కలతో. ఇప్పుడు రింగులో కుచ్చు వెంట్రుకలు నేలను తాకేలా పెంచి, పరుగు సంగతి మర్చిపోయేవాళ్లు కొందరున్నారు, నాకది బాధ. మంచి జడ్జి భుజం వాలు చూస్తాడు, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కాళ్లు ఎలా పడుతున్నాయో చూస్తాడు. రిబ్బన్ రాకపోయినా ఇంటికొచ్చేటప్పుడు కుక్కను ఏదైనా పార్కులో పరిగెత్తనివ్వమనండి.

ప్రశ్న: మా గార్డన్ సెట్టర్‌కి ఏడేళ్లు. రాత్రి అన్నం తిన్నాక వాంతి వచ్చినట్టు చేసింది, ఏమీ రాలేదు. అజీర్తి అనుకుని పడుకోబెట్టాం. తెల్లారేసరికి లేదు. పొట్ట ఉబ్బి ఉంది. తప్పు మాదేనా? (న్యూజెర్సీ)

జవాబు: కాదండీ. మీరు రాసినదాన్ని బట్టి అది బ్లోట్ అయి ఉండాలి. లోతైన ఛాతీ ఉన్న కుక్కల్లో పొట్ట గాలితో ఉబ్బి, మెలిపడి, రక్తం ఆగిపోతుంది. ముందు తెలియనివాళ్లు ఎవరైనా అజీర్తే అనుకుంటారు. నా రెండో కుక్కకు వచ్చినప్పుడు నాకు తెలిసింది కూడా పాత సెట్టర్ల ఆవిడ ఒకావిడ అంతకుముందే చెప్పి ఉండబట్టే. రాత్రి పదకొండు, అది ఒక చోట నిలవడం లేదు, మెడ చాచి వాంతికి లాగుతోంది, తెల్ల నురగ తప్ప ఏమీ రావడం లేదు, పొట్ట మీద వేలితో తడితే డోలు చప్పుడు. ఇరవై అయిదు నిమిషాల్లో ఆపరేషన్ టేబుల్ మీద ఉంది, బతికింది. మళ్లీ మెలిపడకుండా పొట్టను లోపలి గోడకు కుట్టారు.

వాంతికి లాగి ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగకూడదు, ఎమర్జెన్సీకి ఫోన్ చేస్తూనే కారెక్కాలి. సెట్టర్లున్న ప్రతి ఇంట్లో ఈ ఒక్కటి ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. తిండి రోజుకు రెండు మూడు సార్లుగా పెట్టండి, తిన్న వెంటనే పరుగులు వద్దు. మరో సెట్టర్ తెచ్చుకుంటే, దానికి గర్భసంచి ఆపరేషన్ చేసేటప్పుడే పొట్టను కుట్టడం గురించి కూడా డాక్టర్‌ని అడగండి.

ఇంకొక పని మీరు చేయాలి, కష్టమే అయినా. మీ కుక్కను ఇచ్చిన బ్రీడర్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పండి. దగ్గరి రక్తసంబంధంలో బ్లోట్ వచ్చిన కుక్కలకు ప్రమాదం ఎక్కువ. దాని అక్కచెల్లెళ్లూ అన్నదమ్ములూ ఎక్కడో బతికున్నాయి, వాటి ఇళ్లవాళ్లకు ఈ సంగతి తెలియాలి. వాటితో పిల్లల్ని పెట్టించాలనుకునేవాళ్లకు ఇంకా తెలియాలి.

ప్రశ్న: వేసవిలో సెట్టర్‌కి గుండు కొట్టించొచ్చా? (విశాఖపట్నం)

జవాబు: వద్దు, చర్మం ఎండకు కాలుతుంది. పొట్ట కింద, కాళ్ల మధ్య వెంట్రుకలు తగ్గించి రోజూ దువ్వండి. తెల్లవారుజామున అయిదింటికే బయటికి తీసుకెళ్లండి.