కృతజ్ఞతల డైరీ రాస్తున్నా ఒత్తిడి తగ్గడం లేదు, ఎందుకు?

ప్రశ్న: నా వయసు 27. హైదరాబాద్‌లో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ నాలుగో ఏడాదిలో ఉన్నాను. ప్రయోగాలు ముందుకు సాగడం లేదు, ఫెలోషిప్ నెలల తరబడి ఆలస్యమవుతోంది. స్నేహితురాలి సలహాతో మూడు నెలలుగా రోజూ రాత్రి కృతజ్ఞతల డైరీ రాస్తున్నాను. ఇప్పుడు ‘అమ్మ, నాన్న, ఆరోగ్యం’ అని మూడు మాటలు రాసి మూసేస్తున్నాను. ఇన్ని ఉండీ సంతోషంగా లేనే అన్న బాధ ఒకటి కొత్తగా తోడైంది. రెండు దాటితే గానీ నిద్ర పట్టదు. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ప్రయత్నంలో లోపం లేదు, కానీ ఆ డైరీ మీద దాని శక్తికి మించిన భారం పెట్టారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెకల్లో 2003లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికోసారి కృతజ్ఞత కలిగించిన విషయాలు ఐదు వరకు రాసిన కాలేజీ విద్యార్థులు, చికాకులు రాసినవారికంటే తమ జీవితం పట్ల ఎక్కువ సంతృప్తి కనబరిచారు. అయితే తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి పరిశీలించినప్పుడు, ఆందోళన, కుంగుబాటు లక్షణాలపై ఈ సాధన ప్రభావం స్వల్పమేనని తేలింది.

కాబట్టి రోజూ రాయాలన్న నియమం వదిలేసి, వారానికోసారి ఒకే సంఘటన రాయండి. ‘స్నేహితులు’ అని కాకుండా, ఉదాహరణకు, మంగళవారం ల్యాబ్‌లో సెంట్రిఫ్యూజ్ యంత్రం దగ్గర తన వంతు మీకిచ్చి ట్యూబులు పట్టుకుని పక్కన నిలబడిన జూనియర్ గురించి నాలుగు వాక్యాలు రాయండి. వీలైతే ఆ మాట ఆ అమ్మాయికే చెప్పండి. రాయబుద్ధి కాని వారం మానేసినా నష్టమేమీ లేదు.

ఫెలోషిప్ అందకపోవడం మాత్రం డైరీతో తీరే సమస్య కాదు. ‘ఉన్నదానితో తృప్తిపడు’ అని మీకు మీరే నచ్చజెప్పుకుంటూ కూర్చోకుండా గైడ్‌కు, డాక్టోరల్ కమిటీకి లిఖితపూర్వకంగా తెలియజేయండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తున్నది మీ నిద్ర. సాయంత్రం నాలుగు తర్వాత కాఫీ, టీ మానేయండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. నిద్రలేమితో పాటు దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టర్ దగ్గరికి ఆ డైరీ కూడా తీసుకెళ్లండి: ఏ రాత్రి ఎన్నింటికి పడుకున్నారో, ఎన్నింటికి లేచారో ఇవాళ్టి నుంచి అందులోనే రాసి ఉంచితే చికిత్స నిర్ణయించడానికి అది బాగా పనికొస్తుంది.