బొచ్చు గీస్తుంటే అడుగు రంగు లేచిపోతోంది!

ప్రశ్న: మా ఇంటి నాటు కుక్కది గోధుమ రంగు ఒళ్లు, తెల్ల మచ్చలు. దాని బొమ్మ వేద్దామని జపాన్ గన్‌సాయ్ రంగుల పెట్టె, 36 రంగులది కొన్నాను. మామూలు వాటర్ కలర్‌లాగే పొర మీద పొర వేస్తుంటే రెండో పొరకే అడుగు రంగు లేచి అంతా బురదలా అవుతోంది. తప్పు కాగితానిదా, నా చేతిదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: రెండిటిదీ కాదు. గన్‌సాయ్ స్వభావమే అంత. ట్యూబుల్లో దొరికే నీళ్ల రంగుల్లో పొడిని పట్టి ఉంచేది తుమ్మజిగురు జాతి బంక. ఆ రంగు పల్చగా కాగితంలోకి ఇంకి కాస్త పట్టుకుంటుంది. గన్‌సాయ్‌ని సంప్రదాయంగా జంతువుల జిగురు, గంజి పదార్థాలతో చిక్కగా చేస్తారు. ఆరాక అది కాగితం పైనే పరుచుకుని ఉంటుంది. మళ్లీ తడి తగిలితే లేచొస్తుంది. అందుకే ఈ రంగుతో పది పొరలు వేసే ఆలోచన మానుకోండి. రెండు, మహా అయితే మూడు పొరల్లో బొమ్మ అయిపోవాలి.

ఏ4 సైజు, 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కాటన్ కాగితం తీసుకోండి. బొచ్చు గీతలకు నున్నటి రకం, అంటే హాట్ ప్రెస్ అయితే మేలు. గరుకు కాగితం మీద సన్నగీత తెగిపోతుంది. కాగితంలో తల, మెడ మాత్రమే పెట్టండి. కన్ను సెంటీమీటరు వెడల్పన్నా రాకపోతే అందులో వెలుగు చూపించడానికి చోటుండదు. ఫొటో కిటికీ వెలుతురులో, కుక్క కంటి ఎత్తు నుంచి తీసిందై ఉండాలి. ఫ్లాష్ వేస్తే కంట్లో అసలు వెలుగు పోతుంది.

మొదటి పొర టీ నీళ్లంత పల్చన. 8వ నంబరు గుండ్రటి కుంచెతో ఒళ్లంతా లేత గోధుమ రంగు పరవండి. తెల్ల మచ్చల్ని కాగితంగానే వదిలేయండి. అది తడిగా ఉండగానే చెవి లోపల, దవడ కింద ముదురు రంగు చుక్క వదిలితే దానంతటదే పాకుతుంది. ఇలా తడిలో రంగు వదలడాన్ని జపాన్‌లో తరాషికోమి అంటారు. వదిలాక కుంచెతో కెలకొద్దు. పదిహేను నిమిషాలు ఆరనివ్వండి. వేళ్ల వెనక వైపు ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే, ఆగండి.

రెండో పొరే బొచ్చు. రంగు చిక్కటి పాలలా ఉండాలి. అంతకంటే నీళ్లైతే కింది పొర కరుగుతుంది. 0 నంబరు కుంచె చాలు. దొరికితే మెన్సో అనే పొడుగు మొన జపాన్ కుంచె ఇంకా బాగుంటుంది. ముంచాక ఒకసారి టిష్యూకి అద్దండి. గీత వెంట్రుక మొదట్లో మొదలై చివర కుంచె లేస్తూ ముగియాలి. ముక్కు దూలం మీద రెండు మూడు మిల్లీమీటర్లు, మెడ దగ్గర సెంటీమీటరున్నర. మెడ కింది వరస నుంచి పైకి రండి. అప్పుడే పై వరస కింది దాని మీదికి ఇంటి పెంకుల్లా వాలుతుంది. పై నుంచి కిందికి వేస్తే వెంట్రుకలు ఎదురు నిలబడినట్టు కనిపిస్తాయి. ఒకసారి వేసిన గీతను మళ్లీ తాకొద్దు. బురద అయ్యేది నూటికి తొంభై సార్లు అక్కడే.

ప్రశ్న: గన్‌సాయ్‌తో నల్ల పిల్లి బొమ్మ వేస్తున్నాను. ఎంత వేసినా కాగితానికి కన్నం పడ్డట్టుంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెట్టెలోని నల్ల రంగు గిన్నె చివరి దాకా ముట్టుకోకండి. నల్ల బొచ్చు మీద వెలుతురు పడ్డచోట ఆకాశం నీలం, కిటికీ వైపు కాకుండా రెండో పక్క కాస్త గోధుమ కనిపిస్తాయి. మొదట ఒళ్లంతా పల్చటి నీలిబూడిద రంగు. ఆరాక ముదురు నీలం, ముదురు గోధుమ కలిపి నీడభాగాలు మాత్రమే వేయండి. వీపు మీద, నుదుటి మీద బూడిద రంగు బయటికి కనిపిస్తూ ఉండాలి. అసలు నలుపు చెవి లోతులో, కనుపాపలో, ముక్కు రంధ్రాల్లో. అంతే.

ఇంకో సంగతి. గన్‌సాయ్ చిక్కగా వేస్తే మెరుస్తుంది. ఒళ్లంతా చిక్కటి నలుపైతే లైటు కింద అద్దంలా మెరిసి బొచ్చు కనబడదు. మరీ దట్టమైతే ఆరాక బీటలు కూడా వస్తాయి. అదే మెరుపు కంట్లోకి వస్తే వరం. కనుపాపను మాత్రం చిక్కగా వేసి ఆరనిస్తే తడికన్నులా ఉంటుంది. వెలుగు చుక్కని ముందే కాగితంగా వదిలేయండి. పిల్లి కన్ను పసుపైతే పై రెప్ప కింద సన్నని గోధుమ నీడ వేయడం మరవొద్దు. అది లేకపోతే కన్ను ఉబ్బినట్టు ఉంటుంది.

టోక్యోలోని యమతానే మ్యూజియంలో జపాన్ చిత్రకారుడు తకేఉచి సెయిహో 1924లో వేసిన మచ్చల పిల్లి బొమ్మ ఉంది. అది గన్‌సాయ్ కాదు, వేరే రకం సంప్రదాయ జపాన్ రంగులతో వేసినది. అయినా వెనక్కి తిరిగి చూస్తున్న ఆ ఆకుపచ్చ కళ్లను, సన్నటి బొచ్చు గీతలను, ఖాళీగా వదిలిన నేపథ్యాన్ని ఒకసారి చూడండి. ఏం వేయకుండా వదలాలో తెలుస్తుంది.

ప్రశ్న: ముదురు రంగు మీద తెల్ల మీసాలు గీస్తే బూడిద రంగు వస్తున్నాయి.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కింది రంగు కుంచెకు అంటుకుంటోంది. తెలుపును మీగడలా కలపండి. మూతి నుంచి బయటికి ఒక్క ఊపున లాగండి. ప్రతి మీసానికీ కుంచె కడిగి మళ్లీ ముంచండి. ముందు వేరే కాగితం మీద పది గీతలు గీసి చెయ్యి అలవాటు చేసుకోండి.

ప్రశ్న: వానాకాలంలో రంగు గిన్నెల మీద తెల్లటి బూజు పడుతోంది. అయిపోయిన బొమ్మకు వార్నిష్ వేయొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జిగురు, గంజి ఉన్న రంగు కాబట్టి సముద్రపు గాలికి బూజు పట్టడం సహజం. పని అయ్యాక గిన్నెల మీద నిలిచిన నీళ్లు టిష్యూతో అద్ది, మూత తీసి రాత్రంతా ఆరనివ్వండి. తర్వాత సిలికా జెల్ పొట్లం వేసి మూయండి. పట్టిన బూజును తడి టిష్యూతో పైపొరతో సహా తుడిచి పారేయండి. ఎండి బీటలు వారిన గిన్నెకు మాత్రం ఏమీ కాలేదు. రెండు చుక్కల నీళ్లు చాలు.

కుంచెతో వార్నిష్ వేయకండి. అందులో నీళ్లుంటే మీసాలతో సహా బొమ్మంతా కదిలిపోతుంది. మౌంట్ బోర్డు, అంటే బొమ్మ చుట్టూ అంచులా వచ్చే మందపాటి అట్ట పెట్టి, అద్దానికీ బొమ్మకూ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉంచి ఫ్రేము కట్టించండి. అద్దానికి ఆనితే తేమకు రంగు అతుక్కుంటుంది. ఎండ నేరుగా పడే గోడ వద్దు. గులాబీ, ఊదా వంటి రంగులు త్వరగా వెలిసిపోవచ్చు. నాలుక, చెవి లోపలి గులాబీ రంగే ముందు పోతుంది.