పాత రాలీకి షిఫ్టర్ కొనే ముందు ఒకసారి హబ్ దగ్గర కూర్చోండి

మీకు గరాజ్ సేల్‌లో పాత రాలీ స్పోర్ట్స్ సైకిల్ దొరికింది. హ్యాండిల్ మీదున్న మూడు గేర్ల మీట, అంటే షిఫ్టర్, నొక్కితే పట్టు లేకుండా ఊగుతోంది. షాపువాళ్ళేమో వెనక చక్రం మొత్తం మార్చెయ్యమన్నారు. ఆన్‌లైన్‌లో ఏ షిఫ్టర్ కొనాలి అని అడిగారు. చక్రం మార్చకండి. షిఫ్టర్ కూడా ఈ వారం కొనకండి.

నేను న్యూజెర్సీలో ఉంటాను. నాదీ ఇదే మోడల్. తెనాలిలో మా తాతయ్యకు గేర్లు లేని నల్ల రాలీ ఉండేది, దాన్ని ఇంట్లో ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇక్కడ ఒకరి వాకిట్లో ఆ పేరు కనబడగానే బేరం కూడా ఆడకుండా తెచ్చేసుకున్నాను. దాని గేర్లు సరిగ్గా పడేసరికి నాకు ఆరు నెలలు పట్టింది. అందులో ఐదు నెలలు తప్పు చోట వెతకడానికే పోయాయి.

ముందు వెనక హబ్‌ను, అంటే చక్రం మధ్యలో గేర్లు లోపల దాచుకున్న లావు భాగాన్ని, పాత గుడ్డతో బాగా తుడవండి. స్టర్మీ ఆర్చర్ అన్న తయారీ కంపెనీ పేరు, ఒక మోడల్ గుర్తు, పక్కన అంకెలు కనిపిస్తాయి. నా దాని మీద ఏడబ్ల్యూ అనీ, 66, 4 అనీ ఉంది. అంటే 1966 ఏప్రిల్‌లో తయారైన హబ్. ఏడబ్ల్యూ 1936లో వచ్చిన రకం, రాలీ స్పోర్ట్స్‌లో ఎక్కువగా కనిపించేది ఇదే. కానీ ఇన్నేళ్లలో ఎవరైనా చక్రం మార్చి ఉండొచ్చు కాబట్టి సైకిల్ ఏ సంవత్సరానిదో చూసి పార్టులు కొనకూడదు, హబ్ మీద ఉన్న గుర్తే లెక్క. ఎఫ్‌డబ్ల్యూ అని ఉంటే అది నాలుగు గేర్లది, దాని షిఫ్టర్ వేరు. టీసీడబ్ల్యూ అని ఉంటే పెడల్ వెనక్కి తొక్కితే బ్రేక్ పడే రకం. ఇక్కడి నుంచి మీదీ ఏడబ్ల్యూనే అనుకుని రాస్తున్నాను.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇరుసు కుడి కొసలోంచి సన్నటి గొలుసు ఒకటి బయటకు వస్తుంది, దాన్ని ఇండికేటర్ చైన్ అంటారు. మీట నుంచి వచ్చే కేబుల్‌ను దాని నుంచి విప్పేసి, చక్రం నేలకు తగలకుండా సైకిల్‌ను ఎత్తి పెట్టి, గొలుసును చేత్తో లాగుతూ పెడల్ తిప్పండి. గొలుసు పూర్తిగా వదులుగా ఉంటే మూడో గేరు, సగం లాగితే రెండోది, పూర్తిగా లాగితే ఒకటోది. వదిలేస్తే లోపలి స్ప్రింగ్ దాన్ని చటుక్కున వెనక్కి లాక్కోవాలి. ఇవన్నీ జరుగుతుంటే హబ్ బాగున్నట్టే, చక్రం ఖర్చు తప్పినట్టే. గొలుసు బద్ధకంగా వెనక్కి వెళ్తుంటే లోపలి నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. హబ్ మీద చిన్న మూత తీసి ఒక టీస్పూను ఇంజిన్ ఆయిల్ పోసి, చక్రం తిప్పి, రాత్రంతా వదిలెయ్యండి. ఇంట్లో చిన్నాచితకా పనులకు వాడే నూనె మాత్రం వద్దు, అది ఎండితే మళ్ళీ జిగురవుతుంది.

హబ్ బాగుంటే కేబుల్ దారి చూడాలి. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. చిన్నప్పుడు మనల్ని కూర్చోబెట్టుకునే ముందు బార్ ఉంటుంది కదా, దాని మీద ఒక క్లిప్ ఉంటుంది. కేబుల్ పై తొడుగు అక్కడితో ఆగిపోయి, అక్కడి నుంచి ఉత్త తీగ సీటు కింది గిలక మీదుగా హబ్‌కు దిగుతుంది. ఒకటో గేరు వేసిన ప్రతిసారీ నా సైకిల్‌కు ఆ క్లిప్ కాస్త వెనక్కి జారేది, దాంతో తీగ వదులయ్యేది. నేనేమో మీట పాడైందని కొత్త మీట, దాన్నే ట్రిగ్గర్ అంటారు, తెప్పించి బిగించాను. ఏమీ మారలేదు. ఒకరోజు సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు చూస్తే, బార్ మీద ఆకుపచ్చ రంగు రెండు వేళ్ల వెడల్పున గీసుకుపోయి, సన్నగా ఇనుము మెరుస్తోంది. క్లిప్ జారిన జాడ అది. లోపల పాత ట్యూబు రబ్బరు ముక్క ఒకటి చుట్టి స్క్రూ బిగించాను. అంతే, మూడు గేర్లూ పడ్డాయి. క్లిప్ విరిగిపోయి కొత్తది కొనాల్సి వస్తే ఒక అంగుళం బార్‌కు సరిపోయేది తీసుకోండి. లేడీస్ ఫ్రేమ్ అయితే కేబుల్ దారి వేరు, పొడవూ వేరు.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఏడబ్ల్యూలో రెండో గేరుకూ మూడో గేరుకూ మధ్య ఏ గేరూ పట్టని చోటు ఒకటుంది. కేబుల్ సరిగ్గా లేనప్పుడు లేచి నిలబడి తొక్కారనుకోండి, పెడల్ ఒక్కసారిగా గాల్లో తిరిగినట్టు జారిపోతుంది. నా మోకాలు హ్యాండిల్‌కు కొట్టుకుని వారం రోజులు మెట్లు ఎక్కలేకపోయాను. అదే ట్రాఫిక్‌లో జరిగి ఉంటే ఏమయ్యేదో.

ఇవన్నీ చూశాక కూడా మీట ఊగుతుంటే, కేబుల్‌ను చేత్తో బిగువుగా పట్టుకుని మీట నొక్కి చూడండి. రెండు చోట్ల టక్కుమని ఆగాలి. ఆగకపోతే లోపలి చిన్న స్ప్రింగో, పట్టుకునే నాలుకో విరిగినట్టు. మీరు రాసిన లక్షణాలకు ఇదే కావచ్చు. అప్పుడు కొత్తది కొనడంలో తప్పు లేదు. స్టర్మీ ఆర్చర్ 2000లో నాటింగ్‌హామ్ వదిలి తైవాన్‌కు చెందిన సన్‌రేస్ చేతికి వెళ్ళింది, కానీ పాత పద్ధతి మూడు గేర్ల ట్రిగ్గర్‌ను ఇప్పటికీ తయారు చేస్తోంది. అది పాత ఏడబ్ల్యూకు చక్కగా పనిచేస్తుంది. పాత ఇనుప ట్రిగ్గరే కావాలనుకుంటే సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, చూడ్డానికి అదే అందం. కాకపోతే మీట మూడు గేర్లలోనూ నిలుస్తున్న వీడియో పంపమని అడిగాకే డబ్బు కట్టండి. షిమానో మూడు గేర్ల షిఫ్టర్ దీనికి పనికిరాదు, అది కేబుల్‌ను లాగే కొలత వేరు. మామూలు గేర్ కేబుల్ కూడా వద్దు, దాని తల నా ట్రిగ్గర్‌లో కూర్చోలేదు. ట్రిగ్గర్‌తో పాటు దాని కేబుల్ కూడా కలిపి తీసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇండికేటర్ చైన్ లింకులు వంగి ఉంటే అదీ మార్చండి. ఇరుసులు 5 3/4, 6 1/4 అంగుళాలని రెండు పొడవుల్లో వచ్చాయి, కాబట్టి పాత గొలుసు చివర ఇరుసులోకి దూరి ఉండే ఊచను కొలిచి అదే పొడవుది తెప్పించుకోండి. కుడి ఇరుసు నట్టు పోగొట్టుకోవద్దు. దాని మర అంగుళానికి 26 చుట్లు, హార్డ్‌వేర్ షాపు నట్టు ఎక్కదు.

బిగించేటప్పుడు ఊచను వేళ్లతో చివరిదాకా తిప్పి, గొలుసు కేబుల్‌కు తిన్నగా వచ్చేలా అర చుట్టు లోపే వెనక్కి తిప్పండి. తర్వాత రెండో గేరులో పెట్టి, కుడి నట్టుకున్న రంధ్రంలోంచి చూడండి. గొలుసు మొదలయ్యే చోట ఊచ అంచు ఇరుసు కొసతో సమంగా కనిపించేదాకా కేబుల్ సరిచేసి, చిన్న లాక్ నట్టు బిగించండి. ముందు కూర్చునే తొక్కి చూడండి. రెండో గేరులో, మూడో గేరులో టిక్ టిక్ అని సన్నటి చప్పుడు వస్తుంది, ఒకటో గేరులో తొక్కేటప్పుడు రాదు. అది విని మళ్ళీ టెన్షన్ పడి హబ్ విప్పకండి, ఏడబ్ల్యూ నడిచేదే అలా.