పాత ఆటల పెట్టె: ‘లూమ్’కి గొంతొచ్చాక మాటలెందుకు తగ్గాయి?

పోయిన సంచికలో ‘లూమ్’ గురించి ఓ పేరా రాసి ఊరుకుందామనుకున్నాను, మీరు ఊరుకోలేదు. వచ్చిన మెయిళ్లలో సగానికి సగం ఒకటే గొడవ, “మీరు రాసిన ఆటా, నేను ఆడిన ఆటా ఒకటేనా?” అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ‘లూమ్’ అంటే మగ్గం. 1990లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ నుంచి వచ్చిన, మౌస్‌తో తెరమీద నొక్కుతూ ఆడే పాయింట్ అండ్ క్లిక్ ఆట, తయారుచేసింది బ్రయన్ మోరియార్టీ. నేతగాళ్ల దీవిలో బాబిన్ థ్రెడ్‌బేర్ అనే పదిహేడేళ్ల కుర్రాడు. తనవాళ్లంతా హంసలైపోయి ఎగిరిపోతే, వాళ్ల పెద్దాయన వదిలేసిన వడుకు కర్ర పట్టుకుని ఒక్కడే బయల్దేరతాడు. దారిలో వస్తువులు ఏరుకుని సంచీలో వేసుకోవడం లేదు, చచ్చి మళ్లీ మొదటికి రావడం లేదు. కర్ర మీద నాలుగు స్వరాలు మీటితే పని అవుతుంది, అంతే. ఆ నాలుగు స్వరాల వరసని ఆటలో డ్రాఫ్ట్ అంటారు.

ఆన్‌లైన్ ఆటల దుకాణం స్టీమ్‌లో కొన్నాను. మాట్లాడేటప్పుడు ముఖాలు పెద్దగా కనిపిస్తాయని మీరు రాశారు, నాకెక్కడా కనిపించలేదు. కొన్ని సీన్లలో సంగీతం కూడా లేదు, గాలి చప్పుడు లాంటిదేదో వస్తోంది. నాకు డెమో అంటగట్టారా? – ఒక పాఠకుడు, వరంగల్

డెమో కాదండీ, పూర్తి ఆటే, కానీ మీ అనుమానంలో కొంత నిజముంది. స్టీమ్‌లో 2009 నుంచి అమ్ముతున్నది 1992లో పీసీ సీడీ మీద వచ్చిన గొంతుల వెర్షన్. అందులో పాత్రలన్నీ నోరు తెరిచి మాట్లాడతాయి, రంగులు 256, 1990 నాటి పాతదాని పక్కన పెట్టి చూస్తే ఎవరైనా ఇదే మెరుగైందంటారు. నేనూ మొదట ఆడింది ఇదే, చాలా ఏళ్లు ఇదే ‘లూమ్’ అనుకున్నాను కూడా.

చిక్కెక్కడంటే, ఇప్పటిలా గొంతుని చిన్న ఎంపీ3 ఫైళ్లుగా కుదించి పెట్టలేదు అప్పట్లో. మామూలు పాటల సీడీలో పాట ఉన్నట్టు, ఆటలోని మాటలన్నీ ఒకే పొడవాటి ఆడియో ట్రాక్‌గా రికార్డు చేసి పెట్టారు. బాబిన్ ఏదైనా అనాల్సి వచ్చిన ప్రతిసారీ ప్రోగ్రాం ఆ ట్రాక్‌లో ఫలానా నిమిషం ఫలానా సెకనుకి దూకి, ఆ ముక్క వినిపించి ఆగుతుంది. అంటే మన ఇంట్లో కేసెట్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి కావాల్సిన పాట పట్టుకునేవాళ్లమే, అదే పని కంప్యూటర్ చేస్తోందన్నమాట. పాటల సీడీలో పట్టేది ఓ 74 నిమిషాలు, ఆట డేటా కూడా అందులోనే సర్దుకోవాలి. మోరియార్టీ మొదట రాసిన సంభాషణలన్నీ గొంతుతో చెప్పిస్తే అందులో పట్టవు. దాంతో కత్తెర పడింది. మిగిలినవాటిని కూడా తిరగరాశారు, ఆ తిరగరాతలో సైన్స్ ఫిక్షన్ రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ చేయి ఉంది. ముఖాల క్లోజప్పులు తీసేశారు. చైకోవ్‌స్కీ ‘స్వాన్ లేక్’ బ్యాలే సంగీతం ఈ ఆటకి ప్రాణం, హంసల కథకి హంసల సంగీతం, అదీ చాలాచోట్ల మాయమైంది. మీరు విన్న గాలి చప్పుడు దాని బదులు వచ్చిందే.

నటులు బాగానే చెప్పారు, వాళ్లననడానికి లేదు. నా బాధల్లా క్లోజప్పుల గురించే. పాత వెర్షన్‌లో దాయమ్మ లాంటి హెట్చెల్ మాట్లాడుతుంటే ఆమె ముఖం తెరమీద పెద్దగా వస్తుంది, ఈ పిల్లాడి మీద ఆవిడకున్న బెంగ కనిపిస్తుంది. సీడీలో అదే సీన్‌లో అగ్గిపుల్లంత మనిషి నిలబడి ఉంటుంది, గొంతు మాత్రం ఎక్కడి నుంచో వినపడుతుంది. గొంతొచ్చింది, ముఖం పోయింది.

అన్నా, 256 రంగులది ఉండగా 16 రంగుల పాత వెర్షన్ ఎవరు ఆడతారు? అది కేవలం జ్ఞాపకాల మోజు కాదా? – ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

మోజే అయితే నాకుండకూడదు తమ్ముడూ, ఇందాకే చెప్పానుగా, నేను పాతది తర్వాత ఆడాను.

ఈజీఏ అనే ఆ పద్ధతిలో 16 రంగులు, అవి కూడా మనం ఎంచుకునేవి కావు, కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు ఇచ్చినవే. ఘాటు ఎరుపు, ఘాటు పచ్చ, గులాబీ, సర్కస్ డేరా రంగులు. బొమ్మలు వేసిన మార్క్ ఫెరారీ ఏం చేశారంటే, రెండు రంగుల చుక్కల్ని పక్కపక్కన గళ్లలా పేర్చి, దూరం నుంచి చూస్తే మూడో రంగు అనిపించేలా చేశారు. నేతలో ఎర్ర పడుగు, నీలం పేక వేస్తే చీర ఊదాగా కనిపిస్తుంది చూడు, అచ్చం అదే కిటుకు. నేతగాళ్ల కథకి ఆ బొమ్మలు భలే కుదిరాయని నాకనిపిస్తుంది, ఆయన అలా అనుకుని వేశారో లేదో గానీ.

ఇందులో ప్రోగ్రామర్లకి ఒక తలనొప్పి. ఆకాశమంతా ఒకే నీలమైతే “నీలం, 200 చుక్కలు” అని ఒక్క ముక్కలో దాచేయొచ్చు. చుక్క విడిచి చుక్క రంగు మారితే అలా కుదించడం కుదరదు, ఫ్లాపీల్లో చోటు తినేస్తుంది. అందుకే మొదట్లో అలాంటి బొమ్మలు వద్దన్నారు, తర్వాత వాటినీ కుదించే దారి వెతికారు. మొదటి సీన్ చూడు. కొండ అంచున చెట్టు, దానికి మిగిలిన ఒకే ఒక్క ఆకు, వెనక నీలి చీకటి. ఆకు మీద క్లిక్ చేస్తే రాలిపోతుంది. 256 రంగుల వెర్షన్‌లో అదే కొండ నున్నగా, అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఆ నీలిమలో ఉన్న చలి నాకు అందులో తగల్లేదు. నువ్వు రెండూ చూసి నాతో గొడవపడు, నేను రెడీ.

నేను సంగీతం టీచర్‌ని. మా అబ్బాయి ఆడుతుంటే విని నేనూ కూర్చున్నాను. ఎక్స్‌పర్ట్ మోడ్ మా లాంటివాళ్లు ఆడగలమా? అన్ని వెర్షన్లలో స్వరాలు ఒకటేనా? – రాజమహేంద్రవరం

ఈ ఆట మీలాంటివాళ్ల కోసమే మేడమ్. ఆటలోవి సీ మేజర్ స్వరాలు. సీని షడ్జమం అనుకుంటే మన శంకరాభరణం. కర్ర మొదట్లో స, రి, గ మూడే పలుకుతుంది, కథ ముందుకి పోయేకొద్దీ ఒక్కో స్వరం చేరుతుంది, చివరికి తారషడ్జమం దాకా. తెరిచే డ్రాఫ్ట్ గ స గ రి, దాన్ని గుడ్డు మీద మీటితే పగులుతుంది. తిరగేసి రి గ స గ అంటే తెరిచింది మూసుకుంటుంది. డ్రాఫ్టుల్లో చాలావాటికి ఇలా తిరగేస్తే తిరగబడే గుణముంది, ఆటలో సగం తమాషా దాంతోనే.

ప్రాక్టీస్ మోడ్‌లో మీరు విన్న స్వరం కింద పెట్టెలో రాసి కనిపిస్తుంది. స్టాండర్డ్‌లో కర్ర మీద మెరుపు, కింద అక్షరాలు ఉంటాయి. ఎక్స్‌పర్ట్‌లో అవేవీ ఉండవు, చెవే దిక్కు. మీరు నేరుగా అదే మొదలెట్టండి. మీకో బహుమతి కూడా ఉంది: బిషప్ మాండిబుల్ దగ్గర పనిచేసే కాబ్ అనేవాడు బాబిన్ ముసుగు కింద ఏముందో చూస్తానని పట్టుబడతాడు, 1990 నాటి వెర్షన్‌లో ఎక్స్‌పర్ట్ ఆడినవాళ్లకే అక్కడ ఒక అదనపు సీన్ కనిపిస్తుంది. ఏముందో రాయను.

యూట్యూబ్‌లో చూసి ఆకుపచ్చ రంగు అద్దే డ్రాఫ్ట్ రాసుకున్నా, గొర్రెల మీద అదే మీటితే ఏమీ కాలేదు. వెర్షన్ తేడానా? – నల్గొండ

కాదు. తెరిచేది అందరికీ ఒకటే గానీ, మిగతావి చాలామటుకు కొత్త ఆట మొదలెట్టిన ప్రతిసారీ మారతాయి. వీడియో చేసినాయన స్వరాలు ఆయనవి, మీవి మీవి. మొదట్లో దీవిలో ఉన్నప్పుడు రంగు తొట్టి దగ్గర విన్నది కాగితం మీద రాసుకుని ఉండాలి. రాసుకోలేదా? అయితే పాత సేవ్ తెరవడమే.

మా నాన్నగారు తొంభైల్లో అమెరికా వచ్చినప్పుడు కొన్న ‘లూమ్’ పెట్టె అటకమీద దొరికింది. ఫ్లాపీలతోపాటు ఒక ఆడియో కేసెట్, చిన్న పుస్తకం, ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఉన్నాయి. ఇవన్నీ దాచాలా, పడేయాలా? – డాలస్

పడేస్తే మీ ఇంటికొచ్చి ఏడుస్తాను. కేసెట్‌లో అరగంట నాటకం ఉంటుంది, ఆటకి ముందు జరిగిన కథ. లేడీ సిగ్నా ఎవరు, మహామగ్గంలో ఆమె కలిపిన బూడిదరంగు పోగు ఏంటి, బాబిన్ పుట్టినందుకు పెద్దలకి అంత కోపమెందుకు, ఇవన్నీ అందులో ఉన్నాయి. అది వినకుండా ఆట మొదలెట్టినవాళ్లు మొదటి పది నిమిషాలు బుర్ర గోక్కుంటారు, నేనూ గోక్కున్నాను. స్టీమ్ వెర్షన్ ఆడి “కథ సగంలోంచి మొదలైంది” అని రాసిన ముగ్గురికీ ఇదే జవాబు.

పుస్తకంలో డ్రాఫ్టుల వర్ణనలు ఉంటాయి, పక్కన మీరు పెన్సిల్‌తో స్వరాలు రాసుకోవడానికి ఖాళీ గీతలు. మీ నాన్నగారి చేతిరాత ఏమైనా ఉందేమో చూడండి. ఎర్ర ముక్క కాపీ కొట్టేవాళ్లని ఆపడానికి: ఆట మొదట్లో అడిగే స్వరాలు ఆ ముక్క అడ్డం పెట్టి చూస్తేనే కనిపిస్తాయి. ఫ్లాపీలు ఇంకా చదవబడుతుంటే ఫైళ్లని కాపీ చేసుకుని స్కమ్‌వీఎం అనే ఉచిత ప్రోగ్రాంలో పెట్టుకోండి, నడుస్తుంది.

ఎఫ్‌ఎం టౌన్స్ వెర్షనే అసలైందని ఒక స్నేహితుడు వాదిస్తున్నాడు. అదేంటి? – హైదరాబాద్

మీ స్నేహితుడి పక్షమే నేనూ. ఎఫ్‌ఎం టౌన్స్ అనేది జపాన్‌లో ఫుజిత్సు కంపెనీ అమ్మిన కంప్యూటర్, సీడీ డ్రైవ్ దాంతోనే వచ్చేది. 1991లో దానికోసం చేసిన ‘లూమ్’లో 256 రంగులు ఉన్నాయి, సంగీతం సీడీ నుంచి వస్తుంది, గొంతులు లేవు. గొంతులు లేవు కాబట్టి సీడీలో చోటంతా సంగీతానికే, మాటలు తెరమీద రాతలోనే, పాత సంభాషణలు, ముఖాలు కూడా చాలావరకు ఉన్నట్టే ఉన్నాయి. ఇప్పుడు ఏ దుకాణంలోనూ కొత్తగా అమ్మడం లేదు, అదొక్కటే గోల. పాత సీడీ ఎవరి దగ్గరైనా ఉంటే స్కమ్‌వీఎం దాన్నీ నడుపుతుంది.

టర్బోగ్రాఫిక్స్ సీడీకి ఒకటి, అమీగా, అటారీ ఎస్‌టీ, మాక్‌లకి ఒక్కొక్కటి కూడా వచ్చాయి. వాటి గురించి అడిగిన ఇద్దరూ క్షమించాలి, ఈసారి చోటు లేదు.

పాత వెర్షన్‌లో సేవ్ చేసింది కొత్తదాంట్లో తెరుచుకుంటుందా? – తిరుపతి

తెరుచుకోదు. గ స గ రి మీటినా సరే.

‘మంకీ ఐలండ్’ ఆటలో ఒక సముద్రపు దొంగ చొక్కాకి ‘లూమ్ గురించి నన్నడగండి’ అని బిళ్ల ఉంటుంది. వాడూ, బిషప్ దగ్గరున్న కాబ్ ఒకడేనా? రెండో భాగం వచ్చిందా? – కర్నూలు

ఆ సముద్రపు దొంగ పేరు కూడా కాబే. స్కమ్ బార్‌లో కూర్చుని ఏమడిగినా “ఆయ్” అనేవాడు, ‘లూమ్’ మాట ఎత్తగానే టీవీ యాడ్‌లా గడగడా వాయించేస్తాడు. రెండు ఆటలూ ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి కాబట్టి సరదాగా పెట్టుకున్న ప్రకటన అది. కథ ప్రకారం ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, పైగా బిషప్ దగ్గరున్న కాబ్ గతి ఏమైందో చూశాక వాడు బార్‌లో కూర్చునే ప్రశ్నే లేదు.

రెండో భాగం రాలేదు. కమ్మరి కుర్రాడు రస్టీ హీరోగా ‘ఫోర్జ్’, గొర్రెలకాపరి ఫ్లీస్ హీరోయిన్‌గా ‘ది ఫోల్డ్’ అని మోరియార్టీ మనసులో అనుకున్నారు, తయారీ దాకా పోలేదు. అందుకే చివర్లో మగ్గం రెండు ముక్కలై, బాబిన్ హంసై ఎగిరిపోతుంటే, ఇటువైపు మిగిలిపోయినవాళ్ల సంగతేంటని మీరడిగిన ప్రశ్నకి ఏ వెర్షన్‌లోనూ జవాబు లేదు.