పిడుదు కరిచిన చోట లేచిన గడ్డ క్యాన్సరేనా?

పిడుదు కరిచిన చోట గడ్డ ఆరు నెలలైనా కరగలేదనీ, ముక్క పరీక్షలో (బయాప్సీలో) ‘లింఫోమా అనుమానం’, అంటే ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్ కావచ్చని, వచ్చిందనీ, ఇక అది క్యాన్సరేనా అనీ మీరు అడిగారు. కాకపోవచ్చు. అదే మాట రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని నేనూ శ్రీకాకుళం నుంచి పలాస బస్సెక్కాను.

మాది ఉద్దానం. ఒక సాయంత్రం జీడితోటలోంచి ఆవును తోలుకొచ్చాక, నడుము దగ్గర పంచె ముడి కింద ఏదో తగిలితే పులిపిరి అనుకుని గిల్లాను. ఆముదపు గింజలా ఉబ్బిన పిడుదు చేతికొచ్చింది. మా పెద్దమ్మ సున్నం రాసింది. పిడుదు మూతికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయనీ, గిల్లితే అది తెగి చర్మంలోనే ఉండిపోవచ్చనీ, సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా పైకి లాగాలనీ అప్పటికి నాకు తెలియదు. నెల తిరిగేసరికి అక్కడ రేగుపండంత ఎర్రటి గడ్డ లేచింది. నొప్పి లేదు, రాత్రిళ్లు దురద మాత్రం నిద్ర పోనిచ్చేది కాదు.

ముక్కతో పాటు ల్యాబుకు వెళ్లిన ఫారంలో ‘నడుముపై గడ్డ’ అని తప్ప మరేమీ లేదు. పిడుదు సంగతి వైద్యుడు అడగలేదు, నేను చెప్పలేదు. ఇలాంటి తికమకల్లో సగం ఆ ఫారంలోనే పుడతాయని నా గట్టి నమ్మకం. కిడ్నీ జబ్బులతో ఇప్పటికే బెదిరిపోయిన ఊళ్లు మావి. రిపోర్టు సంగతి పొక్కగానే బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వచ్చేశారు.

విశాఖలో చూపించుకున్న వైద్యుడు మొదట అడిగిన మాట, ‘ఇంట్లో పశువులున్నాయా?’ అని. ఆయన కొత్తగా ముక్క తీయకుండా, పాత ముక్కను భద్రపరిచిన మైనపు దిమ్మనే తెప్పించి, అందులో ఏ రకం కణాలున్నాయో తేల్చే ఇమ్యునో పరీక్ష చేయించారు. పిడుదు లాలాజలం మీదా, మిగిలిపోయిన మూతి మీదా పోరాడటానికి లింఫోసైట్లు (ఒంటిని కాపాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) గుంపుగా చేరి, సూక్ష్మదర్శినిలో అచ్చం లింఫోమాలా కనిపిస్తాయట. లింఫోమాలో సాధారణంగా ఒకే కణం సంతతి పెరుగుతుంది. నా ముక్కలో బి, టి అనే రెండు రకాల లింఫోసైట్లు కలగలిసి ఉన్నాయి, బి కణాల్లో మళ్లీ కప్పా, లాంబ్డా అనే రకాలు రెండూ కనిపించాయి, అంటే అవి ఒకే కణం సంతతి కావు. లింఫోమాలా కనిపించినా క్యాన్సర్ కాని ఇలాంటి గడ్డను సూడోలింఫోమా అంటారు. గడ్డలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ రెండుసార్లు ఇచ్చాక అది అణిగిపోయింది. మళ్లీ లేస్తే ముక్క తీసి చూడాల్సిందేనని మాత్రం ఆయన గట్టిగా చెప్పారు.

మీ రిపోర్టులో ఇమ్యునో పరీక్ష ఫలితం ఉందో లేదో చూడండి. లేకపోతే, పిడుదు కరిచిన తేదీతో సహా కాగితం మీద రాసిచ్చి, ఆ దిమ్మ మీదే పరీక్ష చేయించమని అడగండి.